కిటికీ సీటు ఇచ్చిన ఒక్క స్టార్

జూన్ 4

పిడుగుకి,

ముందుగా ఒక సవరణ. "నిన్ను చంపేశానని నీకు కోపం వచ్చింది, నాకు తెలుసు అమ్మమ్మా" అని రాశావు. తప్పు. నువ్వు నన్ను చంపలేదు. నేను నిక్షేపంలా ఉన్నాను. మెట్ల మీద కాగితం ముక్కలు పారేస్తున్నందుకు కింది జిరాక్సు షాపువాడితో పోట్లాడి, గెలిచి, పైకొచ్చి ఇది రాస్తున్నాను. నువ్వు చంపింది నీ నవలల్లో నేరాలు పట్టుకునే రిటైరైన కెమిస్ట్రీ టీచరమ్మని. ఆవిడకి నా ఉద్యోగం, నా నడుం నొప్పి, నా నోరు తగిలించావు, సరే. అయినా ఆవిడ వేరు, నేను వేరు. నా కోపం చంపినందుకు కాదు, చంపిన తీరుకి.

మొదటి రెండు పుస్తకాల్లో ఆ టీచరమ్మ ఏది తాగబోయినా ముందు వాసన చూస్తుంది. పోలీస్ స్టేషన్లో ఇచ్చిన కాఫీ, ఆస్పత్రిలో ఇచ్చిన మందు, ఆఖరికి తన పొయ్యి మీద తను కాచుకున్న పాలు. రెండో పుస్తకంలో హంతకుడు దొరికిందే ఆ ముక్కు వల్ల. అలాంటి మనిషి మూడో పుస్తకం చివర, ఇద్దర్ని చంపాడని తనకే అనుమానం ఉన్నవాడి ఇంటికి వెళ్ళి, వాడు కప్పు అందించగానే గటగటా తాగేసిందా? అదీ గది దాటి వాసన కొట్టే విషం! ఆవిడ విషంతో పోయినట్టు లేదు, దాహంతో పోయినట్టుంది.

"ఈ ముసలావిడని ఇంకెన్ని పుస్తకాలు భరించాలి" అని పాఠకులు అడిగారు కాబట్టి చంపానన్నావు. ఎవరో అడిగారని చంపేదాన్ని కిరాయి హంతకురాలు అంటారు, రచయిత్రి అనరు.

మీ అమ్మ బాగానే ఉంది. నీళ్ళ ఆఫీసులో ఫిర్యాదుల విభాగం కదా, పగలంతా ఊరి జనం చేత తిట్లు తింటుంది, సాయంత్రం వాటిని ఇంటికి మోసుకొచ్చి నాకు వడ్డిస్తుంది. నీ పుస్తకాల ఊసు తను ఎత్తదు, నేనూ ఎత్తను.

నువ్వు ఇచ్చిన టాబ్లెట్ బాగానే పనిచేస్తోంది. నువ్వు రాసినదానికంటే బాగా పనిచేస్తోంది.

ఇంకా చల్లారని,
అమ్మమ్మ

---

జూన్ 11

అమ్మమ్మకి,

నీ ఉత్తరం మా కళ్ళజోళ్ళ షాపులో, లెన్సులు అరగదీసే మిషను పక్కన నిలబడి చదివాను. మా సూపర్‌వైజరు వచ్చి "ఎవరైనా పోయారా అమ్మా?" అని మెల్లిగా అడిగాడు. నా మొహం అలా ఉంది మరి.

కిరాయి హంతకురాలినా? నీకేం, ఎన్నైనా అంటావు. నా వెనక ప్రచురణకర్త లేడు, పత్రిక లేదు. నేనే రాసి, నేనే దిద్ది, అట్ట మీద బొమ్మ నేనే చేసుకుని, నేనే సైటులో ఎక్కించాను. చదివినవాళ్ళు ఇచ్చే స్టార్లు తప్ప నాకు వేరే దిక్కు లేదు. ఆ చదివేవాళ్ళు ఎలాంటివాళ్ళో చూడు. ఒకాయన "వంటల పుస్తకం అనుకుని దింపుకున్నాను" అని ఒక్క స్టార్ ఇచ్చాడు. ఇంకొకడు "ఇంకా చదవలేదు" అని రెండిచ్చాడు. "హంతకుడెవరో మొదటి పేజీలోనే కనిపెట్టేశాను" అని ఇంకొక మేధావి. అతను కనిపెట్టిన మనిషి మూడో పేజీలో శవమై తేలతాడు. ఒకావిడ "మధ్యలో ఆపలేక మొత్తం చదివేశాను, మర్నాడు ఆఫీసులో కునికిపాట్లు, దీనికి ఎవరు బాధ్యులు?" అని ఒక్క స్టార్ పడేసింది.

వీళ్ళందరూ ఒక ఎత్తు. "కిటికీ సీటు" అనే మారుపేరుతో ఒకరున్నారు, వాళ్ళు ఒక్కరే ఒక ఎత్తు. మొదటి పుస్తకం నుంచీ నా వెంట పడ్డారు. "అక్షరాలు చీమల్లా ఉన్నాయి, కళ్ళు పోతున్నాయి" అట. ఈ-బుక్కులో అక్షరాలు ఎంత కావాలంటే అంత పెంచుకోవచ్చని ఆ మనిషికి చెప్పే నాథుడే లేడు. దాని కిందే ఇంకో ముక్క: "టీచరమ్మకి మనవరాలుంది. మనవరాలి తల్లి ఏది? ఈ పిల్ల చెట్టుకి కాసిందా?" శవం పక్కన కూర్చుని వంశవృక్షం అడిగే పాఠకుల్ని నేనింకెక్కడా చూడలేదు.

రెండో పుస్తకానికి అందరిదీ ఒకటే గోల. ముసలావిడని తగ్గించు, మనవరాలికి ఒక ప్రేమకథ పెట్టు. పెట్టాను. తగ్గించాను. ఇప్పుడేమో "మా టీచరమ్మని ఎందుకు చంపావు" అని ఒక్క స్టార్ల వాన కురుస్తోంది. చంపితే తప్పు, చంపకపోతే తప్పు.

ఒక్క మాట విను. నువ్వు ఆ సైటులో మాత్రం ఏమీ రాయకు. నీకు టాబ్లెట్ ఇచ్చింది చదువుకోవడానికి. రచయితల చుట్టాలు రంగంలోకి దిగితే ఈ జనం ఇట్టే పసిగడతారు, తర్వాత నన్ను బతకనివ్వరు.

అమ్మ సంగతి నాకు రాయకు. మొదటి పుస్తకం వచ్చిన రోజు "చేసే ఉద్యోగం సరిగ్గా చేసుకోక ఈ హత్యలేంటే నీకు" అంది. ఒక్క పేజీ తెరిచి చూడలేదు. ఆ రోజు నుంచి ఫోన్లో తనతో నేను ఎండా వానల గురించే మాట్లాడుతున్నాను. ఇక్కడ ఎండగా ఉందంటాను. అక్కడా ఎండేనంటుంది. పెట్టేస్తాం.

పడటానికి సిద్ధంగా ఉన్న
నీ పిడుగు

---

జూన్ 15

పిడుగుకి,

రాయొద్దని నువ్వు రాసింది, నేను రాసేశాక చేరింది. తిట్టదలిస్తే తపాలా వాళ్ళని తిట్టుకో.

నేను దొంగచాటుగా ఏమీ రాయలేదు. పేరేమిటని సైటు అడిగితే "రచయిత్రి అమ్మమ్మ" అని పెట్టాను. ఉన్నమాటేగా. వంటల పుస్తకం అనుకున్నాయనకి, "అట్ట మీద శవాన్ని చూసి కూడా వంటల పుస్తకం అనుకున్నారంటే, మీ ఇంటికి భోజనానికి పిలిచినా నేను రాను" అని జవాబిచ్చాను. చదవకుండా రెండు స్టార్లిచ్చిన వాడికి, "నా క్లాసులో తెల్లకాగితం ఇచ్చినవాడికి నేను సున్నా వేసేదాన్ని. నువ్వు నీ తెల్లకాగితం చూపించి పక్కవాడికి మార్కులేస్తున్నావు" అని రాశాను. మొదటి పేజీ మేధావిని మూడో పేజీ దాకా ఓపిక పట్టమన్నాను. కునికిపాట్ల ఆవిడని మాత్రం ఏమీ అనలేదు. ఆవిడ తిడుతున్నాననుకుని నిన్ను పొగిడింది. అది కూడా నీకు అర్థం కాలేదంటే నాకు ఒళ్ళు మండుతోంది.

ఇంకొకటి. టీచరమ్మని తగ్గించమన్నవాళ్ళూ, ఇప్పుడు ఏడుస్తున్నవాళ్ళూ ఒకటే జనం అనుకుంటున్నావు. ఎలా అవుతారే? నచ్చినవాళ్ళు నోరెత్తరు. చదువుకుని, పుస్తకం మూసి, తమ పని తాము చూసుకుంటారు. క్లాసులోనూ అంతే. వెనక బెంచీలో అరిచేవాడికి జవాబు చెబుతూ కూర్చుంటే ముందు బెంచీలో రాసుకుంటున్న పిల్ల ఉందని కూడా మర్చిపోతాం. నువ్వు వెనక బెంచీ మాట విని ముందు బెంచీ మనిషిని చంపేశావు.

మూడో పుస్తకానికి నేను స్టార్లేమీ ఇవ్వలేదు. ఇస్తే రెండే ఇవ్వాల్సి వస్తుందని ఊరుకున్నాను. అదే నా పక్షపాతం, అంతకు మించి లేదు.

కోపం తగ్గనివ్వకుండా జాగ్రత్తగా కాపాడుకుంటున్న,
అమ్మమ్మ

---

జూన్ 22

అమ్మమ్మా,

నీకో దణ్ణం.

నీ జవాబులన్నీ ఎవరో ఫోటోలు తీసి పాఠకుల గ్రూపుల్లో పెట్టారు. "ఈ రచయిత్రి చుట్టాల చేత భజన చేయించుకుంటుంది" అని ఒకడు మొదలెట్టాడు. ఆ తర్వాత నాకొచ్చిన మంచి రివ్యూలన్నీ చుట్టాలవేనని తేల్చేశారు. నాకు అంతమంది చుట్టాలే లేరు! సైటువాళ్ళకి ఫిర్యాదులు వెళ్ళాయి. వాళ్ళు అనుమానం ఉన్న రివ్యూలన్నీ పీకేశారు. పోయినవి మంచివి, మిగిలినవి తిట్లు. షాపులో కళ్ళజోడు కోసం వచ్చిన ఒకమ్మాయి "ఆ అమ్మమ్మ రచయిత్రి మీరేనా?" అని అడిగి నవ్వింది. ఆమె లెన్సు నా చేతిలోంచి జారి పగిలింది.

ఇది కూడా ఓర్చుకునేదాన్ని. నిన్న కిటికీ సీటు మూడో పుస్తకానికి రాసిన రివ్యూ చూశాను. ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను, చదువుకో:

"టీచరమ్మ కప్పుని ముక్కు కింద పెట్టుకోదు. ఎడం చేత్తో దూరంగా పట్టుకుని, కుడి అరచేత్తో పైన ఆవిరిని తనవైపు విసురుకుంటుంది. అప్పుడు గాని పెదవికి తాకించదు. ఆవిడ ఆ పని చెయ్యకుండా గుక్క మింగిందంటే నేను నమ్మను. ఈ రచయిత్రికి ఆవిడ మీద ప్రేమ లేదు. ఈ ఒక్క స్టార్ కూడా దండగ."

ఆ చెయ్యి విసురుకోవడం నేను ఎక్కడా రాయలేదు. మూడు పుస్తకాలూ మొదటి నుంచి చివరిదాకా వెతికాను. "వాసన చూసింది" అని మాత్రమే ఉంది. కప్పు పట్టుకుని అలా చేసే మనిషిని నేను నా జన్మలో ఒక్కర్నే చూశాను. నిన్ను.

అంటే మొదటి నుంచీ నన్ను పొడుస్తున్నది నువ్వేనన్నమాట. ఒక చేత్తో రచయిత్రి అమ్మమ్మ, రెండో చేత్తో కిటికీ సీటు. ఉత్తరంలో తిట్టింది చాలక ఊరందరి ముందూ ప్రేమ లేదని రాశావు. నేను నీ మీద ప్రేమ లేక ఆ టీచరమ్మని రాశానా?

మూడు పుస్తకాలూ సైటులోంచి తీసేస్తున్నాను. నాలుగోది రాయను. లెన్సులు అరగదీసుకుంటూ బతుకుతాను, అవి తిరిగి నాలుగు మాటలనవు. ఫోను చెయ్యకు, ఎత్తను.

మనవరాలు

---

జూన్ 26

మనవరాలికి,

(పిడుగు అనే బిరుదు ప్రస్తుతానికి వెనక్కి తీసుకోవడమైనది.)

నాకు చేతకానివి చాలా ఉన్నాయి. పాడలేను, ఈత రాదు, నోరు మూసుకోలేను. అన్నిటికంటే చేతకానిది దాక్కోవడం. నిన్ను తిట్టాలనిపిస్తే నిన్నే తిట్టాను, వాళ్ళని తిట్టాలనిపిస్తే వాళ్ళనే తిట్టాను, నేనెవరో చెప్పి మరీ తిట్టాను. దానివల్ల నీకు నష్టం జరిగింది. ఆ జవాబులన్నీ తీసేశాను. తీసేటప్పుడు ఒక్కొక్కటీ మళ్ళీ చదివాను, ఒక్కటీ తప్పనిపించలేదు, అయినా తీసేశాను. కానీ మారుపేరు పెట్టుకుని సొంత మనవరాలిని చాటునుంచి పొడిచేదాన్నని అనుకున్నావు చూడు, అది మాత్రం నేను మర్చిపోను.

ఇక నీ రుజువు. డిటెక్టివ్ నవలలు రాసేదానివి, ఇదా నువ్వు చేసే పరిశోధన? అలా వాసన చూడటం నేను ఒక్కదాన్నే చెయ్యొచ్చు. చూసింది నువ్వు ఒక్కదానివే కాదుగా. నేను ల్యాబులో పాఠం చెప్పిన ప్రతి పిల్లా చూసింది. సీసా మీదకి వంగి పీలిస్తే ముక్కు కాలుతుంది, చేత్తో విసురుకోండి అని ప్రతి ఏడూ మొదటి రోజు నేర్పేది అదే.

నా పాత విద్యార్థులెవరో అని మొదట నేనూ అనుకున్నాను. కానీ పాత విద్యార్థికి నీ కథలో పిల్ల తల్లి ఎక్కడుందన్న దిగులు ఎందుకు? అక్షరాలు పెంచుకోవడం చేతకాక, ఆ సంగతి ఎవర్నీ అడగలేక, చీమలంటూ సతాయించే ఆ మొండితనం ఎవరిది? ఆ "దండగ" అనే మాట, మన ఇంట్లో నెలకి ఎన్నిసార్లు వినపడుతుంది?

నాకో అనుమానం ఉంది. రుజువు దొరికేదాకా చెప్పను. అది తేలకముందే నువ్వు పుస్తకాలు తీసేశావో, నీ షాపుకొచ్చి అందరి ముందూ ఈ ఉత్తరం గట్టిగా చదువుతాను.

అమ్మమ్మ

---

జూలై 1

అమ్మమ్మా,

నీకు అనుమానం, నాకు నిశ్చయం. నువ్వు ఎవరి పేరు చెప్పబోతున్నావో నాకు తెలుసు, అది మాత్రం చెప్పకు. ఆవిడ నా పుస్తకం ముట్టుకోను కూడా ముట్టుకోలేదు. నన్ను చల్లార్చడానికి లేని పాఠకురాలిని పుట్టించకు. ఆదివారం సెలవు. కూర్చుని మూడూ తీసేస్తాను.

మనవరాలు

---

జూలై 3

పిడుగుకి,

నువ్వు ఫోను ఎత్తవు కాబట్టి ఇది కొరియర్లో పంపుతున్నాను. పార్సిల్లో ఇంకో వస్తువు ఉంది, దాని సంగతి చివర్లో. ముందు ఇది చదువు.

నిన్న సాయంత్రం మీ అమ్మ ఆఫీసు నుంచి వచ్చి, బ్యాగు కుర్చీలో పడేసి, ఎవరో పంపులో బురద వస్తోందని సీసాలో పట్టుకొచ్చి తన బల్ల మీద ఒంపారని చెబుతోంది. నేను రెండు కప్పులు టీ తెచ్చాను. ఒకటి తనకిచ్చాను. రెండోది నేను తీసుకుని, వాసనా గీసనా చూడకుండా, ఎత్తి ఒక గుక్క మింగాను. నాలుక కాలింది, అది వేరే సంగతి.

మీ అమ్మ మాట ఆపేసింది. "అదేంటమ్మా, చూడకుండా తాగేశావు?"

"టీచరమ్మ తాగిందిగా" అన్నాను.

"ఆవిడ చచ్చింది కూడా!" అంది.

అనేశాక గాని తనకి తెలియలేదు ఏమందో. "ఏ టీచరమ్మ?" అని అడిగింది తర్వాత. అప్పటికి ఆలస్యమైంది.

"బస్సులో కిటికీ సీటు రోజూ దొరుకుతోందా?" అన్నాను.

మొహం కందగడ్డయింది. కప్పు ఠంగుమని పెట్టింది. "ఏం, నేను చదవకూడదా? దాని పుస్తకం నేను చదివితే అరిగిపోతుందా? వెళ్ళేటప్పుడు సగం, వచ్చేటప్పుడు సగం చదువుకున్నాను. ఒకసారి నా స్టాపు దాటిపోయి వెనక్కి నడిచొచ్చాను."

"చదివితే చదివావు. కన్నకూతురికి ఒక్క స్టార్ ఏంటే?"

"మా అమ్మని చంపినదానికి ఐదివ్వాలా?"

"నేను బతికే ఉన్నానుగా."

"నిన్నైతే కనీసం చంపింది" అంది. "నన్ను అసలు పుట్టించనే లేదు."

కూర్చోలేదు, గదిలో అటూ ఇటూ తిరుగుతూ, ఫిర్యాదుల విభాగంలో రోజూ తన మీద జనం అరిచే గొంతుతో అరిచింది. "మూడు పుస్తకాలూ వెతికానమ్మా. అమ్మమ్మ ఉంది. మనవరాలుంది. ఇద్దరూ కలిసి నవ్వుకుంటారు, హంతకుల్ని పట్టుకుంటారు. పిల్లి ఉంది. ఆ పిల్లికి పేరు కూడా ఉంది! నేను చచ్చానని ఒక్క వాక్యం రాసినా ఊరుకునేదాన్ని. వేరే ఊళ్ళో ఉన్నానని రాసినా సరే. అసలు లేనే లేను. నీకూ దానికీ మధ్యలో ఖాళీ జాగా."

"అది మొహం మీద అడగొచ్చుగా?"

"అడిగితే ఎండగా ఉందంటుంది."

"నువ్వూ ఎండేనంటావుట."

"మరేమనను? ఆ మొదటి రోజు హత్యలేంటే అన్నాను, నిజమే. ఆ రాతలు నమ్ముకుని ఉద్యోగం వదిలేస్తుందేమోనని హడలిపోయి అన్నాను. ఆ సాయంత్రమే కొనుక్కుని చదవడం మొదలెట్టాను. ఆ తర్వాత బాగుందని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"బాగుందా?"

"మొదటిది బాగుంది. రెండోది ఇంకా బాగుంది. మూడోది చూసి ఒళ్ళు మండిపోయింది" అని లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. మళ్ళీ తెరిచి, "దానికి చెప్పావంటే నీతో మాట్లాడను" అంది. చెబుతున్నాను. మాట్లాడకపోతే నాకు కొంచెం విశ్రాంతి.

ఇప్పుడు నా కోపం లెక్క. మీ అమ్మ మీద ఉంది, కన్నకూతురితో మాట్లాడటానికి మారుపేరు కావలసి వచ్చినందుకు. నీ మీద ఉంది, ఆ ప్రశ్న మొదటి పుస్తకం నాడే తను అడిగితే వంశవృక్షం అని ఎగతాళి చేసినందుకు. నీకొచ్చిన రివ్యూలన్నిటిలో నీ పుస్తకాన్ని అక్షరం వదలకుండా చదివిన రివ్యూ అదొక్కటే. వంటల పుస్తకం వాడి మాట విని టీచరమ్మని చంపావు గాని, ఆ ఒక్క పాఠకురాలి మాట నీ చెవికెక్కలేదు. నా మీద నాకూ ఉంది. నేనూ ఆ మూడు పుస్తకాలు చదివాను. నా పోలికలు ఎక్కడున్నాయా అని వెతుక్కున్నాను గాని, నా కూతురు లేదని నాకూ తట్టలేదు.

మీ అమ్మ ఆ ఒక్క స్టార్ తియ్యనంది. నేను అడిగాను. తలుపు వెనక నుంచే "ఆవిడ బతికొస్తే చూద్దాం" అంది. చచ్చినావిడ ఎలా బతికొస్తుందో నాకు తెలియదు, అది నీ వృత్తి. ఆ కప్పు వాసన చూసి కూడా కావాలనే తాగినట్టు నటించిందేమో. చావు కబురు వింటే గాని రాని మనిషి ఎవరో ఆవిడకి ఉందేమో. ఆ మనిషి నీళ్ళ ఆఫీసు నుంచి అరుస్తూ పరుగెత్తుకొచ్చిందేమో. నాకెందుకు, ఏదో నోటికొచ్చింది అన్నాను.

ఆదివారం పుస్తకాలు తీసేస్తావో ఉంచుతావో నీ ఇష్టం. ఇకమీదట నేను అడ్డుపడను. తీసేస్తే మాత్రం నీ నాలుగో పుస్తకాన్ని చీల్చి చెండాడటానికి బస్సులో కాచుకుని కూర్చున్న మనిషికి కారణం నువ్వే చెప్పుకో. ఫోన్లో చెప్పు. ఎండ గురించి కాకుండా.

కోపం తగ్గలేదు, పంచుకున్నాను అంతే,
అమ్మమ్మ

అన్నట్టు, పార్సిల్లో ఉన్నది నా చదువుకునే కళ్ళజోడు. మీ అమ్మకి చత్వారం వచ్చింది, ఒప్పుకోదు. బస్సులో ఫోను చెయ్యి చాచినంత దూరం పెట్టుకుని చదువుతోందట. ఇవాళ పొద్దున నాది బలవంతంగా పెట్టి చూశాను. "ఇదేం నాకక్కర్లేదు" అంటూనే మందుసీసా మీద చిన్న అక్షరాలు గడగడా చదివేసింది. కాబట్టి దీని పవరు మీ మిషను మీద చూసుకుని, అదే పవరుతో ఒకటి చెయ్యి. లెన్సు నువ్వే అరగదీయి, ఇంకెవరి చేతికీ ఇవ్వకు. ఫ్రేము తేలికది చూడు. తన ముక్కు నా ముక్కే, కాబట్టి కొలత ఇదే సరిపోతుంది. ఇంటికి పంపకు, నేనే కొన్నానని తిరగ్గొడుతుంది. ఆఫీసుకి, ఫిర్యాదుల విభాగం అని రాసి పంపు. నాది ఆ రోజే తిప్పి పంపెయ్యి, పాతదానితో రాస్తుంటే గీత మీద గీత పడుతోంది. పెట్టె మీద మీ అమ్మ పేరు పెద్ద అక్షరాలతో రాయి.